చల్లని సముద్రంలో మునిగిన ఓడలోకి ఎలా దిగుతారు?

[దృశ్యం: కోరంగి మడ అడవి, పోటుకి నిండిన కాలువ]

నమస్కారమండీ. 1839 నవంబరులో తుఫాను, ఉప్పెన వచ్చి ఈ కోరంగి రేవును తుడిచిపెట్టేశాయి. అప్పటి చెక్క ఓడలు ఇప్పుడు దొరకడం కష్టం. ఉప్పునీటి పురుగు చెక్కను తొలిచేస్తుంది, మిగిలినదాన్ని గోదారి ఒండ్రు కప్పేస్తుంది.

[దృశ్యం: మ్యాప్, స్కాట్లాండ్ పైన ఆర్క్నీ దీవులు]

అందుకే ఉక్కు ఓడలున్న చోటికి వెళ్దాం. ఇది స్కాపా ఫ్లో, ఈ దీవుల మధ్య ఉన్న సముద్రపు రేవు. మొదటి ప్రపంచయుద్ధం ఆగాక, 1919 జూన్ 21న ఇక్కడ నిర్బంధంలో ఉన్న తమ యుద్ధనౌకలను, బ్రిటిష్‌వాళ్లకు దక్కకూడదని జర్మన్ నావికులే ముంచేశారు. 74లో 52 మునిగాయి. చాలావాటిని ఇనుము కోసం పైకి లాగేశారు. ఏడు పెద్ద ఉక్కు ఓడలు ఇంకా అడుగునే ఉన్నాయి.

అక్కడ ముందు చలితోనే తంటా. గాలిలో కంటే నీళ్లలో ఒంటి వేడి సుమారు 25 రెట్లు త్వరగా పోతుంది. అందుకే డ్రై సూట్. మెడ దగ్గర, మణికట్ల దగ్గర రబ్బరు బిగుసుకుని ఉంటుంది, చుక్క నీరు రాదు. దిగేకొద్దీ సూట్ ఒంటిని నొక్కేస్తుంది కాబట్టి ఛాతీ మీది బటన్ నొక్కి లోపలికి కాస్త గాలి ఎక్కిస్తారు. పైకొచ్చేటప్పుడు ఆ గాలే ఉబ్బుతుంది. భుజం దగ్గరి వాల్వ్‌లోంచి వదలకపోతే మనిషి వల బెండులా పైకి తన్నుకొస్తాడు. అలా రావడం ప్రాణాంతకం.

40 మీటర్ల లోతులో ప్రతి ఊపిరికీ పైన అయ్యేదానికి అయిదు రెట్లు గాలి ఖర్చవుతుంది. బాగా చల్లని నీళ్లలో రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికి అందించే పరికరం) లోపల మంచు పట్టి, గాలి ఆగకుండా బుసకొట్టి పోవచ్చు కూడా. చల్లనీటికని చేసిన రెగ్యులేటరే వాడాలి.

[దృశ్యం: తలకిందులుగా పడి ఉన్న యుద్ధనౌక బొమ్మ]

ఇక లోపల. భారీ తుపాకుల బరువుకి యుద్ధనౌకలు బోర్లాపడ్డాయి. నడవాల్సిన నేల నెత్తిమీద ఉంటుంది. నిజంగా భయపడాల్సింది చలికి కాదండీ, బురదకి. కాలికి తొడిగిన ఫిన్ (ఈత రెక్క) ఒక్కసారి గట్టిగా ఆడిస్తే చాలు, ఎర్రనీరు వచ్చిన గోదారిలో మునిగినట్టే, కళ్లముందు చెయ్యి కనపడదు. 2019లో కచ్చులూరు దగ్గర మునిగిన బోటును తీయడానికి ధర్మాడి సత్యం బృందం ఎంత కష్టపడిందో మనం చూశాం.

అందుకే బయటే తాడు కట్టి, దాన్ని రీలు నుంచి వదులుకుంటూ లోపలికి వెళ్తారు, తిరిగొచ్చే దారి అదే. సిలిండర్‌లోని గాలిలో మూడో వంతు వెళ్లడానికి, మూడో వంతు రావడానికి, మిగతాది ఆపదకి. ఈ లెక్క తప్పేవాళ్లతో నేనైతే దిగను.

ఈత బాగా వస్తే సరిపోదు. రుషికొండలో స్కూబా నేర్పుతున్నారు, అక్కడ మొదలుపెట్టండి. డ్రై సూట్, ఓడలోపలి డైవింగ్ వేరే కోర్సులు. తాడు సాధనకి మాత్రం సముద్రం అక్కర్లేదు. కొబ్బరితోటలో చెట్టుకీ చెట్టుకీ తాడు కట్టి, కళ్లకు గంతలు కట్టుకుని, బొటనవేలు, చూపుడువేలు తాడు చుట్టూ ఉంగరంలా పెట్టి, వదలకుండా చివరిదాకా నడవండి.