ముందు గేదె గట్టెక్కాలి

సభకు నమస్కారం. డ్వాక్రా సంఘాల అక్కచెల్లెళ్లకు, మత్స్యకార సంఘాల పెద్దలకు, సెలవు రోజయినా వచ్చిన విద్యార్థులకు ప్రత్యేక నమస్కారం.

ధవళేశ్వరం దగ్గర గోదావరి ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. ఈ అంకెలు గోదావరి పాయల మధ్య ఉన్న లంకల్లో పిల్లలకు కూడా కంఠతా వచ్చు. అయితే పి.గన్నవరం వైపు కనకాయలంక లాంటి ఊళ్ల వారికి మొదటి హెచ్చరిక దాకా కూడా ఆగే పని లేదు. ఊరికి వెళ్లే కాజ్‌వే, అంటే ఏటి మీది ఎత్తు తక్కువ దారి, మీదికి నీరు ఎక్కిందంటే వారికి వరద వచ్చినట్టే. అధికారుల లెక్కలో వరద ఇంకా రాలేదు; ఊళ్లో మాత్రం అప్పటికే పాలు, మందులు, బడి ఆగిపోయి ఉంటాయి. ఊళ్లో వరదకు, అధికారుల వరదకు నడుమ ఉన్న ఆ సమయంలో అక్కడ పనిచేసేది ఎవరు? ఈరోజు నేను మాట్లాడదలచింది వారి గురించే.

2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చింది. 1986 ఆగస్టులో అయితే 35 లక్షలు దాటింది. ఇలాంటి వరదలకు ఇప్పుడు విపత్తు స్పందన దళాలు వస్తాయి, ప్రాణాలకు తెగించి పనిచేస్తాయి. వారిని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. కానీ ఏ ఇంట్లో మంచం పట్టిన ముసలమ్మ ఉందో, ఏ పేట చివర పాత బావి నీటి కింద దాగి ఉందో వారికి ఎవరో ఒకరు చూపించాలి కదా. ఆ చూపించే మనిషి రాత్రికి రాత్రి తయారు కాడు.

లంకలో మనిషి ఇల్లు వదలకపోతే మొండితనం అనుకుంటాం. చాలాసార్లు కారణం గేదె. అప్పు తెచ్చి కొన్న పాడిగేదెను నీటిలో వదిలి పునరావాస కేంద్రానికి రమ్మంటే ఎవరు వస్తారు? అందుకే తెలిసిన ఊళ్లలో వరద ఎర్రనీరు రాగానే ముందు వరిగడ్డిని ఏటిగట్టు మీదికి చేరవేస్తారు. గడ్డి గట్టెక్కితే గేదె ఎక్కుతుంది, గేదె ఎక్కితే మనిషి ఎక్కుతాడు. సహాయ సామగ్రి పట్టికల్లో మాత్రం పశుగ్రాసం ఎప్పుడూ చివరి వరుసలోనే ఉంటుంది. పట్టిక రాసేవారిలో పాలు పితికినవారు తక్కువ.

ఒక గ్రామైక్య సంఘం, అంటే ఊళ్లోని డ్వాక్రా సంఘాలన్నీ కలిసిన సంఘం, వారు రాసుకున్న నోటుపుస్తకం చూశాను. నెలలు నిండిన గర్భిణులు, ఒంటరి వృద్ధులు, నడవలేనివారు, పడవ ఉన్నవారు, ఈత వచ్చినవారు: అన్నీ వరసగా ఉన్నాయి. ఇన్సులిన్ వాడేవారి పేర్ల పక్కన మరో పేరు కనిపించింది. ఎవరని అడిగితే, ఐసు పెట్టె ఉన్న చేపల వ్యాపారి అన్నారు. కరెంటు పోతే సీసాలు చల్లగా ఉంచే చోటు అదే. ఏ శిక్షణ పుస్తకమూ ఆ పేరు చెప్పలేదు.

తుపాను సంగతి వేరు. వరద భద్రాచలం నుంచి కబురు పెట్టి వస్తుంది, ఉప్పెన అంత వ్యవధి ఇవ్వదు. 1839లో కోరంగి రేవు పట్టణం ఉప్పెనకు తుడిచిపెట్టుకుపోయింది. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో పోయినవారిలో వేటకు వెళ్లిన మత్స్యకారులు ఎందరో ఉన్నారు. బంగ్లాదేశ్‌లో 1970 నాటి భోలా తుపాను లక్షల మందిని పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత 1972లో అక్కడి ప్రభుత్వం, రెడ్ క్రెసెంట్ కలిసి ఊరూరా స్వచ్ఛంద దళాలు మొదలుపెట్టాయి. ఇప్పుడు వాటిలో 76 వేల మందికి పైగా ఉన్నారు, వారిలో సగం మంది ఆడవారు. 1991 తుపానులో మగవారికన్నా ఆడవారు ఎక్కువ మంది చనిపోయారన్న సంగతి గుర్తుంచుకుంటే, ఆ సగం ఎందుకంత ముఖ్యమో అర్థమవుతుంది.

ఇక డబ్బు. 2016లో పెద్ద దాతలు, సహాయ సంస్థలు కలిసి ఒక ఒప్పందం చేసుకున్నాయి. 2020 నాటికి సహాయ నిధుల్లో 25 శాతం వీలైనంత నేరుగా స్థానిక, జాతీయ సంస్థలకు అందాలన్నారు. గడువు వచ్చింది, పోయింది. నేరుగా అందిన వాటా ఆ దరిదాపులకు చేరలేదు. మన దేశంలో 2020లోనే విదేశీ విరాళాల చట్టాన్ని సవరించారు. విదేశీ నిధి తీసుకున్న సంస్థ దాన్ని మరో సంస్థకు బదిలీ చేయకూడదు. దుర్వినియోగాన్ని ఆపడానికే అన్నారు. కానీ ఢిల్లీ సంస్థ ద్వారా లంకలోని చిన్న సంఘానికి సొమ్ము చేరే దారి కూడా దాంతో మూసుకుపోయింది. ఈలోగా కువైట్‌లో ఇంటిపని చేసే మన ఆడపడుచు ఫోను మీదనే డబ్బు పంపేస్తుంది. ఆమెను ఎవరూ దాత అనరు.

కాబట్టి గ్రామైక్య సంఘాల్లో కొంత సొమ్ము వరద కోసం విడిగా ఉంచాలని నా మనవి. కాజ్‌వే మునిగిన రోజునో, మొదటి హెచ్చరిక వచ్చిన రోజునో, ఏది ముందయితే అప్పుడు ఎవరి సంతకం కోసమూ ఎదురుచూడకుండా డీజిలు, గడ్డి, తాగునీటి టిన్నులు కొనగలగాలి. నీరు తీశాక ఖర్చు లెక్క పంచాయతీ గోడకు అంటించాలి. పాత చీరల మూటలు మాత్రం దయచేసి పంపకండి. వాటిని విప్పి సర్దడానికే ఇద్దరు మనుషులు కావాలి. గట్టు మీద చీకట్లో ఆడవారికి మరుగు ఎక్కడ అని అడిగేవారికన్నా పులిహోర పొట్లం ఇస్తూ ఫొటో దిగేవారే ఎప్పుడూ ఎక్కువ.

ఇంతసేపూ స్థానికులను పొగిడాను. ఒక చేదు మాట కూడా చెప్పాలి. స్థానికం అన్నంత మాత్రాన న్యాయం అయిపోదు. జాబితా ఊరి పెద్ద అరుగు మీద రాస్తే చివరి పేట పేర్లు చివరికే వస్తాయి, ఒక్కోసారి రానే రావు. డెల్టాలో వరి సాగులో పెద్ద భాగం కౌలు రైతులదే. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలు రైతుకు సాగుదారు కార్డు రావాలంటే భూయజమాని ఒప్పుకోవాలి. ఆయన హైదరాబాదులో ఉంటాడు, సంతకం పెట్టడు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు చేలో వరి పడిపోయింది. అలా పడిపోయిన పంటకు కార్డు లేని కౌలుదారు పరిహారం అడగడం ఎంత కష్టమో ఇక్కడున్న వారికి నేను చెప్పనక్కరలేదు. బయటి సంస్థ ఈ సంగతి అడిగితే పరాయివాడు అంటాం. మన సంఘమే అడిగితే ఆ మాట అనడానికి వీలుండదు.

యానాం మిత్రులు కూడా వచ్చారు, సంతోషం. వారి పాలన పుదుచ్చేరిది, వరద మాత్రం మనదే. రెండు వైపుల పడవల వారి ఫోను నంబర్లు ఒకే కాగితం మీద ఉంటే ఏ ప్రభుత్వమూ కాదనదు.

భోజనాల తర్వాత మండలాల వారీగా కూర్చుందాం. ప్రతి ఊరి నుంచి ముందుగా కౌలు రైతుల పేర్లు, చివరి పేట పేర్లు రాయండి. పెద్దల పేర్లు ఎలాగూ వస్తాయి.