ఇమ్యూనిటీ మందు పడితే కిల్లర్ కణం లోపల ఏం మారుతుంది?

[స్క్రీన్ మీద: మైక్రోస్కోప్‌లో ఒక ఎన్‌కే కణం]

ఈ కణాన్ని ఒకసారి దగ్గరగా చూడండి. చిక్కుడు గింజ ఆకారంలో కేంద్రకం, చుట్టూ లేత నీలం, అందులో అక్కడక్కడా ఎర్రటి చుక్కలు. 1975లో గుర్తించిన నేచురల్ కిల్లర్ కణం ఇదే, మన రక్తంలోని లింఫోసైట్లలో (ఒక రకం తెల్ల రక్తకణాల్లో) 5 నుంచి 15 శాతం దాకా ఇవే ఉంటాయి. ఆ ఎర్రటి చుక్కల్లోనే అసలు సరుకంతా ఉంది: ఎదుటి కణం పొరకి చిల్లు పెట్టే పెర్ఫోరిన్, ఆ చిల్లులోంచి లోపలికెళ్ళి దాన్ని తనంతట తానే చచ్చేలా చేసే గ్రాంజైములు.

ఇప్పుడు దీనికి ఇమ్యూనిటీ మందు, అంటే రోగనిరోధక కణాల్ని ఉత్తేజపరిచే ప్రోటీన్లయిన ఇంటర్‌ల్యూకిన్-2 గానీ ఇంటర్‌ల్యూకిన్-15 గానీ ఇద్దాం. ఒకటి రెండు రోజుల్లో కణం ఉబ్బుతుంది, సైటోప్లాజం పెరుగుతుంది, గుండ్రంగా ఉన్నది సాగి అంచుల్లోంచి చిన్న చిన్న కాళ్ళు చాపుతుంది, పెర్ఫోరిన్, గ్రాంజైమ్-బి నిల్వలు బాగా పెరుగుతాయి. అంతకుముందు తను ఏమీ చేయలేకపోయిన కొన్ని క్యాన్సర్ కణాలను కూడా ఇప్పుడు చంపేస్తుంది.

అయితే చాలామంది ఇక్కడే పొరబడతారు. మందు కణాన్ని సిద్ధం చేస్తుంది అంతే, ఎవర్ని చంపాలో చెప్పదు. అది తేలేది ఎదుటి కణాన్ని తాకినప్పుడు. ఆరోగ్యంగా ఉన్న కణం మీద హెచ్‌ఎల్‌ఏ ప్రోటీన్లు (మన సొంత కణమని చెప్పే గుర్తింపు కార్డుల్లాంటివి) కనిపిస్తాయి, అవి కనబడితే బ్రేకు పడుతుంది. క్యాన్సర్ కణం చాలాసార్లు వాటిని దాచేస్తుంది, పైగా ఒత్తిడిలో ఉన్నట్టు చెప్పే ప్రోటీన్లు బయటపెడుతుంది. అప్పుడు చెల్లాచెదురుగా ఉన్న ఆ ఎర్రటి చుక్కలన్నీ (గుళికలు) సెంట్రోసోమ్ దగ్గరికి, అంటే కణం లోపలి రవాణా దారులు మొదలయ్యే చోటికి చేరి, మొత్తంగా తాకిన వైపుకే జరిగి, సరిగ్గా అక్కడే ఖాళీ అవుతాయి. పక్కనున్న మంచి కణాలకి దెబ్బ తగలకపోవడానికి ఇదో ముఖ్య కారణం, నాకైతే ఈ కణంలో అన్నిటికంటే అద్భుతమైన సంగతి ఇదే.

మరి డోసు పెంచుకుంటూ పోతే? భారీ డోసు ఇంటర్‌ల్యూకిన్-2ని ఒళ్ళంతా పాకిన కిడ్నీ క్యాన్సర్‌కి అమెరికాలో 1992లో అనుమతించారు. కొందరికి మేలు జరిగింది, కానీ రక్తనాళాల్లోంచి ద్రవం కారిపోయి బీపీ పడిపోయే ప్రమాదం ఉంది, పైగా రోగనిరోధక శక్తిని అదుపు చేసే రెగ్యులేటరీ టీ కణాలు కూడా దాంతోనే పెరుగుతాయి. అందుకే చూపు ఆ టీ కణాల్ని అంతగా పెంచని ఇంటర్‌ల్యూకిన్-15 వైపు మళ్ళింది. బీసీజీకి (మూత్రాశయంలోకి ఎక్కించే టీబీ టీకాకి) లొంగని ఒక రకం మూత్రాశయ క్యాన్సర్‌కి, బీసీజీతో కలిపి ఇవ్వడానికి ఆ దారిలో పనిచేసే మందుకి 2024లో అక్కడే అనుమతి వచ్చింది.

దీంతోనూ ఒక చిక్కుంది. ల్యాబ్‌లో ఎన్‌కే కణాలకి ఇంటర్‌ల్యూకిన్-15ని ఆపకుండా ఇస్తూ పోతే అవి అలసిపోయాయి, మధ్యలో విరామం ఇచ్చిన కణాలే క్యాన్సర్ కణాలను ఎక్కువగా చంపాయి.