పోపుల పెట్టెలో కాఫీ పొడి

అందరికీ నమస్కారం.

ముందుగా ఒక చిన్న పని. మొదటి వరుస నుంచి రెండు గిన్నెలు వెనక్కి వస్తాయి. మూత తీసి, వాసన చూసి, పక్కవారికి అందించండి. రుచి మాత్రం చూడకండి, ముఖ్యంగా రెండోది. మొదటి గిన్నెలో ఉన్నది ఈ పొద్దున పట్టించిన కాఫీ పొడి. రెండో దానిలో ఏముందో కాసేపాగి చెబుతాను.

కాఫీకి ఏ రుచులు కుదురుతాయో మాట్లాడమని నన్ను పిలిచారు. కాఫీతో పాటు ఏం తినాలో తెలుగువాళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు. జంతికలా, పకోడీలా అన్న తగవు ఇంటింటా తేలిపోయిందే. నేను మాట్లాడదలచుకున్నది కాఫీని వంటలో వేయడం గురించి. ఇరవై ఏళ్ళుగా వంట నేర్పుతున్న మనిషిగా నా వాదన ఒక్కటే: కాఫీ పొడి కూడా ఒక మసాలా దినుసే. ఆవాలు, మెంతుల పక్కన దానికీ ఒక గిన్నె కేటాయించండి. మెంతులను ఎంత భయభక్తులతో వేస్తామో దీన్నీ అంతే భయభక్తులతో వేయండి.

పచ్చి కాఫీ గింజను ఎప్పుడైనా ముక్కు దగ్గర పెట్టుకున్నారా? ఎండుగడ్డి వాసన, పచ్చి బఠాణీల వాసన వస్తాయి. మనకు తెలిసిన కాఫీ పరిమళం అందులో ఉండదు. అది పుట్టేది మూకుడులోనే. 200 డిగ్రీలకు అటూ ఇటూ వేడిలో గింజలోని చక్కెరలు, అమైనో ఆమ్లాలు కలిసి వందల రకాల కొత్త వాసనలు తయారవుతాయి. 1912లో ఈ మార్పును మొదట వివరించిన ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త మయార్ పేరుతోనే దాన్ని పిలుస్తారు. పేరు కొత్తదైనా పని పాతదే. దోసె అంచు ఎర్రబడటం, వేరుశనగ గుళ్ళు వేగి ఘుమఘుమలాడటం, మాంసం వేపుడు మూకుడుకు అంటుకొని గోధుమరంగు తేలడం, ఇవన్నీ ఆ మార్పు వల్లే. వేగిన వేరుశనగలకు, నువ్వులకు, కోకోకు, కాఫీకి ఆ పరిమళం ఇచ్చే పైరజీన్లు అన్న పదార్థాలు ఉమ్మడి ఆస్తి. కాబట్టి కాఫీకి జత వెతికేటప్పుడు నేను అడిగే మొదటి ప్రశ్న, పక్కనున్న దినుసు నిప్పు చూసిందా లేదా అని. వేయించిన ఎండుకొబ్బరి చూసింది. పచ్చికొబ్బరి చూడలేదు. మొదటిది కాఫీకి చుట్టం, రెండోది పరాయిది.

గిన్నెలు చివరి వరుసకు చేరినట్టున్నాయి. రెండోది ఏమిటో ఎవరైనా కనిపెట్టారా? బెల్లం పాకం అంటున్నారు ఆ పక్క నుంచి. బాగుంది, చాలా దగ్గరకు వచ్చారు. అవి దోరగా వేయించి నలగ్గొట్టిన మెంతులు.

మెంతులకు ఆ వాసన ఇచ్చేది సోటలోన్ అనే పదార్థం. ఎక్కువైతే మెంతి వాసన, బాగా పలచనైతే ముదురు పాకం వాసన వస్తుంది. కాఫీలోనూ అది ఉంది. ఈ సోటలోన్ ఒకసారి అమెరికాలో పెద్ద గందరగోళమే చేసింది. 2005 నుంచి న్యూయార్క్‌లో అప్పుడప్పుడు ఊళ్ళో చాలా చోట్ల మేపుల్ అనే చెట్టు రసంతో చేసే పాకం వాసన కమ్ముకునేది. విషవాయువేమోనని జనం అధికారులకు ఫోన్లు చేశారు. గాలివాటాన్ని పట్టుకొని వెతికితే, ఎట్టకేలకు 2009లో దాని జాడ తెలిసింది. నది అవతల, న్యూజెర్సీలో, మెంతుల నుంచి సువాసన ద్రవ్యాలు తీసే కర్మాగారం నుంచి వస్తోందట. ఆ వీధిలో ఒక్క తెలుగు ఇల్లాలు ఉన్నా నాలుగేళ్ళు పట్టేది కాదని నా అనుమానం.

సరే, చేదు సంగతికి వద్దాం. కాఫీ చేదంతా కెఫీన్‌దే అనుకుంటాం. దాని వాటా కొంచెమే. ఎక్కువ చేదు వేయింపులో పుట్టినదే. కెఫీన్ తీసేసిన కాఫీ కూడా చేదుగానే ఉంటుంది కదా. ఈ చేదును చక్కెరతో కప్పడం మనకు అలవాటు. వంటలో అంతకంటే పనికొచ్చేవి రెండున్నాయి, ఉప్పు, కొవ్వు. ఉప్పులోని సోడియం నాలుక మీద చేదును అణచివేస్తుంది. ఇంటికి వెళ్ళాక అరగ్లాసు పలచటి డికాషన్‌లో నాలుగు ఉప్పు రేణువులు వేసి చూడండి. ఉప్పదనం తెలియదు, చేదు మాత్రం ఒక మెట్టు దిగుతుంది. ఇథియోపియాలో కొన్ని ప్రాంతాల వారు కాఫీలో ఉప్పే వేసుకుంటారు. కొవ్వు చేసే పని వేరు. కాఫీ వాసనల్లో చాలా వరకు నూనెలో కరిగేవే కనుక, నెయ్యి, నువ్వుల నూనె, చిక్కటి పాలు వాటిని పట్టి ఉంచి నోట్లో నెమ్మదిగా వదులుతాయి.

పులుపు దగ్గర మాత్రం జాగ్రత్త. ఈ పాఠం నాకు గుత్తివంకాయ నేర్పింది. ఆ మసాలాలో నువ్వులు, వేరుశనగలు, ధనియాలు, ఎండుకొబ్బరి, అన్నీ వేయించినవే కనుక కాఫీకి అంతకంటే మంచి ఇల్లు దొరకదనుకున్నాను. ఉత్సాహం పట్టలేక రెండు చెంచాల పొడి వేసి రుబ్బాను. పైన చింతపండు పులుసు చిక్కగా పోశాను. మా అత్తగారు ఒక ముద్ద నోట్లో పెట్టుకొని, గ్లాసు అందుకొని, "ఇది కూరా, కషాయమా అమ్మా?" అన్నారు. చేదూ పులుపూ ఒకదానికొకటి ఆజ్యం పోసుకున్నాయి. ఆ తర్వాత ఆరేడుసార్లు చేసి లెక్క తేల్చాను. అరకిలో వంకాయలకు పావు చెంచా కాఫీ పొడి, చింతపండు ఎప్పుడూ వేసేదానిలో సగం, గోలీ అంత బెల్లం. అప్పుడు కాఫీ వేసినట్టు ఎవరికీ తెలియదు. కూర రెండో రోజు తిన్నంత నిండుగా ఉంటుంది. మా అత్తగారికి నేటికీ చెప్పలేదు. ఈ ప్రసంగం ఆవిడ చెవిన పడకుండా చూసే బాధ్యత మీదే.

ఇంకో మాట. పోపుల పెట్టెలో పెట్టుకోమన్నాను గానీ, పోపులో వేయమనలేదు. కాఫీ పొడి ఒకసారి వేగి వచ్చినది. కాగిన నూనెలో పడితే క్షణాల్లో మాడి, కూరంతా బూడిద రుచి వస్తుంది. మసాలాతో కలిపి మెత్తగా రుబ్బండి, లేదా దించే ముందు చల్లండి. ఫిల్టర్ కోసం పట్టించిన పొడి బరకగా ఉంటుంది, పంటికింద ఇసుకలా తగులుతుంది. జల్లించి వాడండి. పాలతో చేసే వాటికి చిక్కటి డికాషన్ గానీ, నీళ్ళలో కరిగే ఇన్‌స్టెంట్ పొడి గానీ మేలు.

మాంసం తినేవారికి చెప్పేది కొంచెమే, ఎందుకంటే కుదరకపోవడం కష్టం. అరకిలో మటన్ వేపుడులో నీరంతా ఇగిరాక అరచెంచా కాఫీ, చెంచా మిరియాల పొడి వేయండి. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో పందిమాంసం వేయించిన మూకుడులోనే కాఫీ పోసి, అడుగున అంటుకున్నదంతా గీకి, పులుసులా చేసుకుంటారు. సూత్రం ఒకటే. చేపలకు మాత్రం వద్దు. నేను ప్రయత్నించాను, వివరాలు అడగకండి.

మిరియాల మాట వచ్చింది కనుక అరకు సంగతి. అక్కడి తోటల్లో నీడ కోసం పెంచే సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగలు పాకిస్తారు, కింద కాఫీ మొక్కలు. 2019లో అక్కడ పండే అరబికా రకం కాఫీకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మిరియాల పక్కన పెరగడం వల్లే ఆ కాఫీకి ఘాటు వస్తుందని కొందరు అంటుంటారు. నేను నమ్మను. తీగ పాకిన మాత్రాన ఘాటు గింజలోకి దిగదు. అయితే పచ్చి గింజల బస్తాను మసాలాల బస్తా పక్కన పెడితే వాసన పడుతుంది, అది వేరే విషయం. మిరియం, కాఫీ మూకుడులో కలిసినప్పుడు మాత్రం ఒకే ఊరివాళ్ళలా మాట్లాడుకుంటాయి.

చికోరీ కలిసిన పొడి వాడవచ్చా అని ప్రతి తరగతిలోనూ అడుగుతారు. మన దేశంలో ఆ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలని నియమం. మిగతాది వేయించిన ఒక మొక్క వేరు. అందులో కెఫీన్ ఉండదు. మాడిన పాకం లాంటి తీపి చేదు, చిక్కదనం ఉంటాయి. పాలకోవాకు అది బ్రహ్మాండంగా నప్పుతుంది. మాంసానికి, వంకాయకు చికోరీ లేనిదే తీసుకోండి.

యాలకులు అరబ్బులు ఎప్పుడో ఖాయం చేసిన జత. మెక్సికోలో మట్టికుండలో దాల్చినచెక్క, బెల్లం లాంటి ముడి చక్కెర వేసి కాఫీ కాస్తారు. మన శొంఠి కాఫీకి అది దూరపు బంధువే. కుంకుమపువ్వు, గులాబీ నీళ్ళ జోలికి పోకండి. కాఫీ పక్కన వాటి గొంతు వినిపించదు, డబ్బు దండగ.

చివరగా చిమ్మిలి. పావుకిలో నువ్వులు దోరగా, చిటపటలాడే వరకు వేయించి చల్లార్చండి. రోట్లో వేసి, చెంచా కాఫీ పొడి, రెండు యాలకులు, చిటికెడు ఉప్పు కలిపి దంచండి. నువ్వులు నలిగాక దాదాపు అంతే బెల్లం తరుగు వేసి, చేతికి నూనె తగిలే వరకు దంచి ఉండలు చుట్టండి. మిక్సీలో కూడా అవుతుంది. ఆగి ఆగి తిప్పండి, లేకపోతే ముద్దయి కూర్చుంటుంది.

వెనక బల్ల మీద రెండు పళ్ళేలు ఉన్నాయి. కుడివైపుది కాఫీ వేసిన చిమ్మిలి, ఎడమవైపుది మామూలుది. సాయంత్రం ఆరు దాటింది కనుక, కాఫీ వాసన తగిలితేనే నిద్ర పట్టని వారు ఎడమ పళ్ళెం దగ్గరకు వెళ్ళండి. షుగరు ఉన్నవారు ఉండను సగం చేసి పక్కవారితో పంచుకోండి. ఆ రెండు గిన్నెలు మాత్రం ఎవరి దగ్గర ఆగిపోయాయో చూసి, నాకు తిరిగి ఇవ్వండి.