1955 నాటి లెగో ఊరు రివ్యూ: ఇళ్లన్నీ ఉన్నాయి, మనుషులేరి?

అందరికీ నమస్కారం. ఈసారి అన్‌బాక్సింగ్ లేదండి. ఈ డబ్బాని నేను పుట్టకముందే ఎవరో జర్మన్ పిల్లాడు విప్పేశాడు. మూలలు చిరిగిపోయాయి, మూత తీస్తే అటక వాసన కొడుతోంది. టేబుల్ మీద మీకు కనిపిస్తున్నది లెగో టౌన్ ప్లాన్, అంటే రోడ్లు గీసిన పలక మీద ప్లాస్టిక్ ఇటుకలతో ఇళ్లు కట్టి, కార్లు పెట్టుకునే ఆట. 1955లో మొదలైన ఊరు.

ముందే చెప్పేస్తున్నా, ఇది నేను కొన్నది కాదు. ఇక్కడ హాంబర్గ్‌లో పాత బొమ్మలు అమ్మే ఒకాయన రెండు వారాలకి అప్పిచ్చారు. నాకు డబ్బులేమీ ఇవ్వలేదు. "నీ వీడియోలో మా షాపు పేరు చెప్తావా?" అన్నారు, చెప్పనన్నాను. అయినా ఇచ్చారు. కాబట్టి ఆయన మీద నాకు కాస్త అభిమానం ఉంది, అది కలుపుకునే వినండి. ఇంకోటి, ఇది ఒకే సెట్టు కాదు. చెక్క పలక ఒక ఇంటిది, చర్చి ఇంకో ఇంటిది, కార్లు ఇంకెక్కడివో. 50ల మధ్య నుంచి 60ల మొదటి దాకా దొరికినవన్నీ కలిపి కట్టిన మూట. సెట్టు నంబర్లు, ఏ డబ్బాలో ఎన్ని ముక్కలు, వేలంలో ఎంత పలికింది లాంటివి మీలో చాలామందికి నాకంటే బాగా తెలుసు. వాటి జోలికి వెళ్లను.

నేను నేరుగా ఈ పలక దగ్గరికి వస్తా. రెండు వారాల్లో ఎక్కువసేపు చూసింది దీన్నే.

చూడండి, మధ్యలో మడత ఉంది. తెరిస్తే రోడ్లు. జీబ్రా క్రాసింగులు. రోడ్లకి మధ్యలో ఖాళీ స్థలాలు, మన వెంచర్లలో ప్లాట్లు వేసినట్టు. ఇప్పుడు వేలితో ఇలా నిమరండి... మీరు నిమరలేరు, నేనే నిమురుతా. నున్నగా ఉంది. ఒక్క బుడిపె కూడా లేదు! లెగో అంటేనే ఇటుకల పైన ఒకదాన్నొకటి పట్టుకునే గుండ్రటి బుడిపెలు కదా, ఊరికి పునాది వేసిన పలక మీద మాత్రం ఒక్కటి లేదు. అంటే ఇల్లు దేనికీ అతుక్కోదు, ఊరికే కూర్చుంటుంది. మొదటిరోజు మా అమ్మాయి మోచెయ్యి టేబుల్‌కి తగిలింది. చర్చి జారుకుంటూ వెళ్లి పెట్రోలు బంకుని గుద్దింది. సర్ది పెట్టాను. మళ్లీ తగిలింది. మూడోసారి నాకు ఒళ్లు మండింది. "ఏం డిజైను రా బాబూ ఇది" అని గట్టిగానే అన్నాను.

నాలుగోరోజు సాయంత్రం చూస్తే మా అమ్మాయి చర్చిని తీసి ఊరవతల పెట్టేసింది. "నాన్నా, ఇక్కడ బంకు ఉంటే లారీలు తిరగడానికి బాగుంటుంది" అంటోంది. ఇటుక ఒక్కటీ విప్పలేదు, ఇల్లు ఇల్లంతా ఎత్తి పక్కన పెట్టింది. ఊరంతా మార్చడానికి పావుగంట పట్టలేదు. అప్పుడు వెలిగింది నాకు. బుడిపెలుంటే ఆ పని అంత తేలిగ్గా అయ్యేది కాదు. ఇప్పటి పోలీస్ స్టేషన్ సెట్టు తెస్తే పుస్తకంలో చూపించినట్టు కట్టి, అల్మరాలో పెట్టి, దుమ్ము పట్టనిస్తాం. ఇక్కడ అసలు ఆట ఇల్లు కట్టాక మొదలవుతోంది. చిరాకు పెట్టిన నున్నటి పలకే నాకు ఇందులో అన్నిటికంటే నచ్చిన వస్తువైంది.

ఈ పలక వెనక కథ చాలామందికి తెలిసిందే, త్వరగా చెప్పేస్తా. డెన్మార్క్‌లో బిల్లుండ్ అనే పల్లె. అక్కడ వడ్రంగి ఓలె కిర్క్ క్రిస్టియాన్‌సెన్ 1932లో చెక్క బొమ్మలు మొదలుపెట్టారు, అదే లెగో కంపెనీ అయింది. ఆయన కొడుకు గాట్‌ఫ్రెడ్ 1954లో ఇంగ్లాండ్ ప్రయాణంలో ఓడ ఎక్కితే, అందులో కోపెన్‌హాగన్‌లోని మాగసిన్ డు నోర్ అనే పెద్ద దుకాణానికి బొమ్మలు కొనే ఆఫీసరు కలిశాడు. ఆ ఆఫీసరు గోడు ఏంటంటే, ఈ బొమ్మల వ్యాపారంలో ఒక పద్ధతీ పాడూ లేదు అని. గాట్‌ఫ్రెడ్‌కి ఆ మాట పట్టుకుంది. చెక్క బాతుల నుంచి ప్లాస్టిక్ ట్రాక్టర్ల దాకా తమ దగ్గరున్న సరుకంతా తిరగేస్తే, ఒకదానికి ఒకటి కలిసే గుణం ఇటుకలకే ఉందని తేలింది. మరుసటి ఏడే 28 సెట్లు, 8 వాహనాలతో "సిస్టమ్ ఇ లైగ్" అని, అంటే ఆటలో ఒక పద్ధతి అని, దింపేశారు. అన్నిటినీ కలిపే తాడు ఈ ఊరి పలక. రోడ్డు గీసిన అట్టలు వీళ్లకి కొత్త కాదు, 1947లోనే మోనిపోలి అని ట్రాఫిక్ మీద ఒక ఆట వేశారు. 1956లో జర్మనీకి వచ్చి హోహెన్‌వెస్టెట్ అనే చిన్న ఊళ్లో కంపెనీ తెరిచారు. అది మాకు దగ్గరే. కారేసుకుని వెళ్లొద్దామంటే మా ఆవిడ "ఆ ఊళ్లో ఏం చూస్తారు?" అంది. సమాధానం లేక ఆగిపోయా.

ఇప్పుడు ఇటుక. ఇదిగో, కెమెరాకి దగ్గరగా పెడుతున్నా. తిప్పి చూడండి. లోపల బోలు. ఇప్పటి ఇటుక అడుగున గొట్టాలుంటాయి కదా, ఇందులో ఏమీ లేదు, ఖాళీ అగ్గిపెట్టెలా ఉంది. రెండిటిని ఇలా కలిపి... పైదాన్ని పట్టుకుని ఎత్తుతున్నా... పడింది. చూశారా? ఇంకోసారి. మళ్లీ పడింది. గోడ నిలబడాలంటే మేస్త్రీ కట్టినట్టు ఒక వరస మీద ఇంకో వరస అతుకు తప్పించి కట్టాలి. అలా కడితే బరువుకి నిలబడుతుంది. చేత్తో ఎత్తితే మాత్రం కింద చెయ్యి పెట్టుకోవాల్సిందే. మా అమ్మాయి చర్చిని రెండు చేతులతో, పాలగిన్నె మోసినట్టు మోసింది.

ఈ జబ్బుకి మందు దొరికింది 1958 జనవరి 28న. మధ్యాహ్నం 1:58కి గాట్‌ఫ్రెడ్ పేటెంటు దాఖలు చేశారని నిమిషంతో సహా రికార్డులో ఉంది. లోపల గొట్టాలు పెడితే పైన బుడిపెలు, కింద గొట్టాలు కలిసి పట్టు బిగుస్తుంది. ఆ మార్చిలోనే ఓలె కిర్క్ పోయారు. ఆ ఏడాది ఇటుక మీద ఈరోజు కొన్న ఇటుక కూర్చుంటుంది, ఇదిగో, మూటలో గొట్టాలున్న పాతది ఒకటి దొరికింది, మా అమ్మాయి డబ్బాలోంచి ఒకటి తీసి... టక్. ఈ శబ్దం కోసమే నేను ఈ ఛానల్ నడుపుతున్నాననుకోండి.

ప్లాస్టిక్ సంగతి కూడా ఒక మాట. 1963లో ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్‌కి మారేదాకా వాడింది సెల్యులోజ్ ఎసిటేట్ అనే పాతరకం ప్లాస్టిక్. దాని గుణం ఏంటంటే ఏళ్లు గడిచేకొద్దీ వంకర పోతుంది. ఈ పొడుగు ఇటుకని టేబుల్ మీద పెడితే మధ్యలోంచి వెలుతురు కనిపిస్తోంది, అరటి డొప్పలాగా. కొనేవాళ్లు ఉంటే ఫోటో చూసి మోసపోకండి, బల్ల మీద పెట్టి పక్క నుంచి తీసిన ఫోటో అడగండి.

ఇంకో చేదు నిజం, అభిమానులు నన్ను తిట్టినా సరే. ఈ ఇటుక పుట్టింది బిల్లుండ్‌లో కాదు. ఇంగ్లాండ్‌లో హిలరీ ఫిషర్ పేజ్ అనే ఆయన కిడ్డీక్రాఫ్ట్ పేరుతో 1947లోనే ఇలాంటివి అమ్మారు. లెగో వాళ్లు ఆ నమూనా చూసి కాస్త మార్చి 1949లో తమది తెచ్చారు. పేజ్ 1957లో చనిపోయారు. కిడ్డీక్రాఫ్ట్ ఇటుక హక్కులు లెగో కొన్నది 1981లో. ఊరు, పలక, గొట్టం, ఈ మూడూ బిల్లుండ్ వాళ్ల బుర్రే, ఒప్పుకుంటా. మొదటి ఇటుక మాత్రం కాదు.

సరే, కార్లు. ఫోక్స్‌వాగన్ బీటిల్ ఒకటి అరచేతిలో పెడుతున్నా. ఇది కట్టే కారు కాదు, తయారుగా పోతపోసి వచ్చిన కారు. కొలత 1:87. అసలు బీటిల్ నాలుగు మీటర్ల పైచిలుకు, 87తో భాగిస్తే నాలుగున్నర సెంటీమీటర్ల పైన వస్తుంది. స్కేలు పెట్టి చూశా, సరిపోయింది. హెచ్ఓ అనే రకం బుల్లి రైలు బొమ్మల కొలతా అదే. ఇంటి తలుపు ఎత్తు మూడు ఇటుకలు, దాన్ని 87తో గుణిస్తే రెండున్నర మీటర్లు. అంటే కారు, తలుపు, రోడ్డు అన్నీ దాదాపు ఒకే లెక్కలో ఉన్నాయి. ఎస్సో కంపెనీ పెట్రోలు బంకు ముందు బీటిల్ ఆపి, కన్ను పలక ఎత్తుకి దించి చూస్తే నిజంగా ఒక జర్మన్ వీధి.

కానీ వీధిలో మనిషి లేడు.

ఇది నాకు తట్టలేదు, మా అమ్మకి తట్టింది. వీడియో కాల్‌లో బందరు నుంచి చూస్తూ, "అన్నీ బాగున్నాయి గానీ మనుషులేర్రా ఇందులో? కర్ఫ్యూ పెట్టినట్టుంది" అంది. వెతికాను. సైకిళ్ల మీద, మోపెడ్ల మీద అతుక్కుపోయిన బుల్లి మనుషులు కొందరు దొరికారు. దిగమంటే దిగరు. ఇంట్లో ఉండేవాడు, చర్చికి వెళ్లేవాడు, బంకులో పెట్రోలు కొట్టేవాడు ఒక్కడూ లేడు.

మా అమ్మమ్మ సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టేది. కింద మెట్టు మీద ఊరు ఉండేది. మెంతులు మొలకెత్తించి పొలం, అద్దం ముక్క పెట్టి చెరువు, చుట్టూ ఇసక. ఇళ్లు రెండో మూడో, అవి కూడా అట్టవి. మనుషులు మాత్రం కిక్కిరిసి ఉండేవాళ్లు. రోకలి పట్టుకున్న ఆడవాళ్లు, తాటిచెట్టెక్కే గీత కార్మికుడు, కొండపల్లి దశావతారాలు, శెట్టిగారు, శెట్టెమ్మ. కొలతల గొడవే లేదు, చెరువు పక్కన నిలబడ్డ బాతు పక్కనున్న రైతు కంటే పెద్దది. మనకి ఊరంటే జనం. బిల్లుండ్ వాళ్లకి ఊరంటే రోడ్డు, ఇల్లు, కారు. ఈ పలక ముందు కూర్చుని ఆ రెండూ పక్కపక్కన ఊహించుకుంటే నాకు భలే నవ్వొచ్చింది.

వీళ్ల ఊరికి మనుషులు రావడానికి రెండు దశాబ్దాలు పట్టింది. 1974లో పెద్ద సైజు బొమ్మల కుటుంబం, 75లో చేతులు కదలని చిన్నవాళ్లు, 1978లో యెన్స్ నైగోర్ క్నుడ్‌సెన్ అనే లెగో డిజైనరు చేసిన మినీఫిగర్, అంటే చేతులు కాళ్లు కదిలే బుల్లి మనిషి. మొదటి జట్టులో పోలీసు ఉన్నాడు, అది వేరే సంగతి. ఆ మినీఫిగర్ దాదాపు నాలుగు సెంటీమీటర్లు. దాన్ని ఈ బీటిల్ పక్కన నిలబెడుతున్నా, చూడండి. కారంత ఉన్నాడు! ఎక్కడమెలా? మనిషి వచ్చేసరికి పాత కార్లు పనికిరాకుండా పోయాయి, తలుపులు పెరిగాయి, రోడ్లు పెరిగాయి, పలకల మీదికి బుడిపెలు వచ్చాయి. మనిషి కోసం ఊరంతా మళ్లీ కట్టాల్సి వచ్చింది.

నా దగ్గర 2008లో వచ్చిన టౌన్ ప్లాన్ ఉంది, సెట్టు నంబరు 10184. ఇటుకకి యాభై ఏళ్లు నిండాయని వేసింది, 1,981 ముక్కలు. డబ్బా మీద గాట్‌ఫ్రెడ్ కొడుకు క్యెల్ ఉంటారు, పాత డబ్బా మీది ఫోటోలో ఆడుకుంటూ కనిపించే పిల్లాడు ఆయనే. సినిమా హాలు, టౌన్ హాలు, బంకు. ఈసారి ఎస్సో కాదు, ఆక్టాన్, అది లెగో సొంత కల్పన. బంగారు పూత ఇటుకలు మూడుండాలి. నేను సెకండ్ హ్యాండ్‌లో కొన్నా, రెండే వచ్చాయి. అమ్మినవాడిని అడిగితే "లెక్కపెట్టలేదు" అన్నాడు. ఆ మంట ఇప్పటికీ ఉంది. ఆ సెట్టు అందమైనదే, మనుషులూ ఉన్నారు. కానీ పేరుకి టౌన్ ప్లాన్, మడత పలక లేదు, ప్లానూ లేదు. కట్టాను, అల్మరాలో పెట్టాను, మళ్లీ ముట్టుకోలేదు.

ఇండియాలో ఉన్నవాళ్లు తెప్పించుకోవాలనుకుంటే దిగుమతి సుంకం చూసుకోండి. బొమ్మల మీద 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచారు. బంధువుల సూట్‌కేసులో తెప్పించుకుంటామంటారా, మీ బంధువులు, మీ ఇష్టం. సూట్‌కేసంటే గుర్తొచ్చింది, 60ల్లో అమెరికాలో లెగో తయారుచేసి అమ్మింది సూట్‌కేసుల శాంసొనైటే.

మరి కొనాలా? పిల్లలకైతే వద్దు, ఇటుకలు నిలబడవు, ఏడుస్తారు. చర్చి, బంకు విడిగా దొరికితే వదిలెయ్యండి, ఆ డబ్బులకి విలువ నాకు కనిపించలేదు. పలక దొరికితే మాత్రం, వంకర పోకుండా, మడత దగ్గర చిట్లకుండా ఉంటే, ఇంకేం ఆలోచించకండి. దాని మీద ఇప్పటి ఇటుకలతో చిన్న చిన్న ఇళ్లు కట్టి పెట్టుకోండి. నేను షాపాయన్ని పలక ఒక్కటీ అమ్ముతారా అని అడిగాను. నవ్వి, మూట విడదీయను అన్నారు.

సోమవారం అన్నీ తిరిగి ఇచ్చేయాలి. పొద్దున సర్దుతుంటే లెక్క తేడా వచ్చింది. ఆరు కార్లు తెచ్చాను, ఐదే ఉన్నాయి. ఎర్ర బీటిల్ లేదు. మా అమ్మాయిని అడిగితే "ఊరెళ్లింది నాన్నా" అంటోంది. వీడియో ఇక్కడితో ఆపేసి సోఫా కింద వెతకాలి, ఉంటానండి.