పేజీ పని చేయకుంటే బ్లాకర్ మొత్తం బంద్ చేయకండి

[స్క్రీన్: ఫైర్‌ఫాక్స్‌లో తెరిచిన వార్తల పేజీ]

నమస్తే. నల్లగొండ, మిర్యాలగూడ, పాలమూరు దిక్కు నెట్ సెంటర్లు నడిపేటోళ్లకు ఈ వీడియో బాగా పనికొస్తది.

మనం తెరిచేది ఒక్క సైటే. కానీ పేజీ లోడయ్యేటప్పుడు యాడ్లకు, మనం ఏం చూస్తున్నమో కనిపెట్టే ట్రాకర్లకు, ఫాంట్లకు, "రోబో కాదు" అని చెక్ చేసే క్యాప్చాకు వేరే వేరే సర్వర్లకు రిక్వెస్టులు పోతుంటయి. ఏది పోవాలె, ఏది ఆగాలె అన్నది యూబ్లాక్ ఆరిజిన్ అనే యాడ్ బ్లాకర్ ఎక్స్‌టెన్షన్‌తోని, అండ్ల ఉండే గడుల పట్టికతోని మనమే చెప్పొచ్చు. ఇది ఫైర్‌ఫాక్స్‌లనే చేయండి. క్రోమ్ మ్యానిఫెస్ట్ వీ3 అనే కొత్త ఎక్స్‌టెన్షన్ల పద్ధతికి మారినంక అక్కడ మిగిలింది లైట్ వెర్షనే, అండ్ల ఈ గడుల పట్టిక లేదు.

[స్క్రీన్: సెట్టింగ్స్]

ఎక్స్‌టెన్షన్ సెట్టింగ్స్‌ల "ఐ యామ్ యాన్ అడ్వాన్స్‌డ్ యూజర్" దగ్గర టిక్ పెట్టండి. ఇప్పుడు ఐకాన్ నొక్కితే పట్టిక వస్తది, రాకుంటే "మోర్" నొక్కండి. రెండు నిలువు వరుసలుంటయి: మొదటిది అన్ని సైట్లకు, రెండోది ఇప్పుడు తెరిచిన సైటుకు మాత్రమే. మొదటి వరుసల "థర్డ్ పార్టీ స్క్రిప్ట్స్", "థర్డ్ పార్టీ ఫ్రేమ్స్" (అంటే వేరే సర్వర్ల నుంచి వచ్చేటివి) గడులు రెండూ ఎర్రగ, అంటే ఆగేటట్టు చేసి, పైన తాళం నొక్కండి. తాళం నొక్కకుంటే బ్రౌజర్ మూసినంక ఆ మార్పులు పోతయి.

[స్క్రీన్: క్యాప్చా రాని అప్లికేషన్ ఫారం]

ఇగ కొన్ని సైట్లు ఆగుతయి, అది ఖాయం. ఈ ఫారంల క్యాప్చా లేదు చూడండి. అది గూగుల్ రీక్యాప్చా అయితే గూగుల్ డాట్ కామ్, జీస్టాటిక్ డాట్ కామ్ నుంచి రావాలె. పట్టికల ఆ రెండు పేర్ల పక్కన, రెండో వరుస గడిని గ్రే చేసి రీలోడ్ కొట్టండి. క్యాప్చా వచ్చిందా, తాళం నొక్కండి.

పచ్చ రంగు జోలికి పోకండి. గ్రే అంటే మన ఎర్ర రూల్ ఒక్కటే పక్కకు జరుగుతది, యాడ్ల లిస్టులు పని చేస్తనే ఉంటయి. పచ్చ పెడితే ఆ లిస్టులను కూడా దాటి అన్నీ లోపలికొస్తయి. చాలామంది ఆగమయ్యేది ఇక్కడనే.

ఏ పేరు విప్పాలెనో అర్థం కాకుంటే ప్యానెల్ కింద లాగర్ ఐకాన్ ఉంటది. దాన్ని తెరిచి పేజీ రీలోడ్ చేస్తే ఆగిన రిక్వెస్టులు ఎర్ర లైన్లల్ల కనిపిస్తయి. ఒక్కొక్కటే విప్పి చూడండి, అన్నీ ఒక్కసారి వద్దు.

[స్క్రీన్: ఫీజు పేజీ]

పైసలు కట్టే దగ్గర వేరే పద్ధతి. కాలేజీ సైట్ నుంచి పైసలు కట్టించుకునే గేట్‌వే సైటుకు, అక్కడికెళ్లి బ్యాంకు పేజీకి పోతది. అడ్రస్ మారిందంటే కాలేజీ సైటుకు పెట్టిన గ్రే అక్కడ చెల్లదు. మధ్యల రీలోడ్ కొడితే ట్రాన్సాక్షన్ ఇరుక్కుంటది. అందుకే "పే" నొక్కకముందే మొదటి వరుసల ఆ రెండు ఎర్ర గడులను గ్రే చేయండి, తాళం మాత్రం నొక్కొద్దు. రసీదు వచ్చినంక రబ్బరు ఐకాన్ నొక్కితే మళ్లీ ఎర్రగైతయి.

సిస్టం ఫార్మాట్ కొట్టేముందు "మై రూల్స్" ట్యాబ్‌ల ఎక్స్‌పోర్ట్ నొక్కి ఫైల్ పెన్‌డ్రైవ్‌ల పెట్టుకోండి. సెంటర్‌ల మిగతా సిస్టంలల్ల కూడా అడ్వాన్స్‌డ్ యూజర్ టిక్ పెట్టి, అదే ఫైల్ ఇంపోర్ట్ చేసి, కమిట్ నొక్కితే సరిపోతది.