కారు టేపులో విన్న ఈజిప్టు: గాయకుడు అమ్ర్ దియాబ్ గురించి

అందరికీ నమస్కారం. ఇంత ఎండలో గ్రంథాలయం దాకా వచ్చిన పెద్దలకు, అక్కలకు, వెనక నిలబడ్డ పిల్లలకు ముందుగా కృతజ్ఞతలు. కార్యదర్శి గారు నన్ను కువైట్ అనుభవాలు చెప్పమన్నారు. అకామా, అంటే అక్కడ ఉండడానికిచ్చే అనుమతి, దాని కష్టాలు, జీతం కష్టాలు మీకు నేను కొత్తగా చెప్పేదేముంది? ఈ రాజంపేట చుట్టుపక్కల కువైట్ పోయిన మనిషి లేని ఇల్లు తక్కువ. అందుకే అక్కడ నేను సంపాదించుకున్న ఒక పాటగాడి గురించి చెబుతానన్నాను. ఆయన సరే అన్నారు. ఆ పాటగాడి పేరు అమ్ర్ దియాబ్. ఈజిప్టు మనిషి.

నేను 1995లో హౌస్ డ్రైవర్‌గా పోయాను. మరుసటి ఏడాది సంగతి ఇది. యజమాని ఇంట్లో ఇద్దరు కొడుకులు, కాలేజీ పిల్లలు. సాయంత్రమైతే బండి తీయమని సముద్రం ఒడ్డున ఉన్న సాల్మియా వైపు బయలుదేరేవారు. ఒక రోజు పెద్దవాడు కొత్త క్యాసెట్ తెచ్చి టేపులో పెట్టాడు. ముందు గిటారు. తీగలన్నీ ఒక్కసారిగా గీరినట్టు, ఎవరో తలుపు తోసుకుని లోపలికి వచ్చినట్టు. తర్వాత చప్పట్లు, దాని కింద డప్పు లాంటి దెబ్బ, అప్పుడు గొంతు. నేను కువైట్ చేరి అప్పటికి ఏడాది. 'తాల్' అంటే రా, 'రూహ్' అంటే పో, 'యల్లా' అంటే పద, ఇంతే వచ్చు నాకు అరబీ. అయినా ఆ పాటలో 'హబీబీ', అంటే నా ప్రియమా, అన్న మాట నాకు అందింది. ఆ రాత్రి సిగ్నల్ దగ్గర ఆగితే పక్క కారులో అదే పాట. ఆ పక్క కారులోనూ అదే. అద్దాలు దించి పిల్లలు ఒకరి వైపు ఒకరు చూసి నవ్వుకుంటున్నారు. ఒక పాట ఊరు మొత్తాన్ని పట్టుకోవడం నేను మన సినిమా పాటల విషయంలో చూశాను కానీ, పరాయి దేశంలో చూడడం అదే మొదలు.

ఆ పాట పేరు 'నూర్ ఎల్ ఐన్'. అంటే కంటి వెలుగు. పిల్లాణ్ణి ఒళ్లో పెట్టుకుని మన అమ్మలు 'నా కంటి వెలుగు' అంటారే, అదే మాట. అర్థం తెలిసిన రోజు నాకు ఒళ్లు జలదరించింది. సముద్రం అవతల కూడా ప్రేమకు అదే పోలిక దొరికిందా అని.

ఇప్పుడు ఆయన పుట్టుపూర్వోత్తరాలు చెబుతాను. అమ్ర్ దియాబ్ 1961 అక్టోబర్ 11న పోర్ట్ సయీద్‌లో పుట్టాడు. మ్యాప్‌లో చూస్తే సూయజ్ కాలువ మధ్యధరా సముద్రంలో కలిసే మూల మీద ఉంటుంది ఆ ఊరు. తండ్రిది సూయజ్ కాలువ సంస్థలో ఉద్యోగం. ఆరేళ్ల వయసులో, జూలై 23 విప్లవ దినం వేడుకల్లో జాతీయగీతం పాడితే గవర్నర్ ముచ్చటపడి గిటారు బహుమతిగా ఇచ్చాడట. దేశదేశాల ఓడలు ఇంటి ముందు నుంచి పోతూ ఉండే ఊరు. ఆ ఊరికి 'సిమ్‌సిమియా' అని సొంత వాయిద్యం ఒకటుంది, చిన్న తీగల వాయిద్యం. దాని చుట్టూ గుమిగూడి చప్పట్లు చరుస్తూ పాడే పాటలున్నాయి. ఆ తర్వాత ఆయన పాటల్లో వినిపించిన చప్పట్లకూ ఈ చప్పట్లకూ చుట్టరికం ఉందని నా నమ్మకం. ఇది నా మాట మాత్రమే, ఎక్కడా చదివింది కాదు.

హానీ షెనూదా అనే సంగీత దర్శకుడి ప్రోత్సాహంతో ఆయన కైరో చేరాడు. 1983లో మొదటి ఆల్బమ్ వచ్చింది, 'యా తరీఖ్'. ఓ దారీ, అని అర్థం. పాడుతూనే చదువుకున్నాడు కూడా. కైరో అకాడమీ ఆఫ్ ఆర్ట్స్‌లో అరబ్ సంగీతం చదివి 1986లో డిగ్రీ తీసుకున్నాడు. పాప్ పాటగాడంటే సంగీతం రానివాడనుకునే వాళ్లున్నారు, వాళ్ల కోసం ఈ సంగతి గట్టిగా చెబుతున్నాను.

ఆయన చేసిన పని విలువ తెలియాలంటే అంతకు ముందు కైరోలో పాట ఎలా ఉండేదో చూడాలి. ఉమ్ కుల్సూమ్ పేరు మీలో కొందరు వినే ఉంటారు. నెలలో మొదటి గురువారం రాత్రి ఆమె కచేరీ రేడియోలో వచ్చేది. ఆ వేళకి అరబ్ దేశాల్లో వీధులు ఖాళీ అయ్యేవంటారు. ఒక పాట గంట సాగేది. మన కచేరీల్లో నెరవు చేస్తారు చూడండి, ఒకే పంక్తిని పట్టుకుని పది రకాలుగా తిప్పి తిప్పి పాడడం, అలాగే. జనం 'అల్లాహ్' అని కేక వేస్తే మళ్లీ అదే పంక్తి. వినేవాడు మైమరిచిపోవాలి. ఆ మైమరపుకి అరబీలో ఒక మాట ఉంది, 'తరబ్'. ఆమె 1975లో పోయింది. కుర్రకారు గుండెల్లో ఉన్న గాయకుడు అబ్దెల్ హలీమ్ హాఫెజ్ 1977లో పోయాడు. రెండేళ్లలో రెండు పెద్ద దిక్కులు.

సరిగ్గా అదే కాలంలో ఈజిప్టులోకి క్యాసెట్ వచ్చింది. ఎవరు తెచ్చారు? మనలాంటి వాళ్లే తెచ్చారండీ. 1970లలో ఈజిప్టు నుంచి లక్షల మంది గల్ఫ్ దేశాలకూ లిబియాకూ పనికి పోయారు. సెలవుల్లో వస్తూ చంకలో టేప్ రికార్డర్ పెట్టుకుని వచ్చారు. మన ఇళ్లలో టూ-ఇన్-వన్ ఎలా వచ్చిందో గుర్తు తెచ్చుకోండి. మా మేనమామ తెచ్చిన దాని మీద మా అత్త కుట్టుపూల గుడ్డ కప్పేది. అక్కడా అంతే జరిగింది. దాంతో ఏ పాట వినాలో చెప్పే పెత్తనం రేడియో స్టేషన్ చేతిలోంచి జారిపోయింది. అహ్మద్ అదవియా అనే గాయకుడి బస్తీ పాటలు రేడియోలో వేయలేదు, అయినా క్యాసెట్ల మీద దేశమంతా మోగాయి. అమ్ర్ దియాబ్ అడుగు పెట్టింది ఈ క్యాసెట్ల బజారులోకి. బండిలో, టీ కొట్టులో, మెకానిక్ షెడ్డులో వినే పాట గంట సాగితే కుదరదు. నాలుగైదు నిమిషాల్లో మనసు పట్టుకోవాలి.

మేమున్న వీధిలో ఒక భవనానికి హారిస్, అంటే వాచ్‌మన్, ఈజిప్టు వాడు. దక్షిణ ఈజిప్టును సయీద్ అంటారు, ఆ ప్రాంతం మనిషి, అరవైకి దగ్గర. నాకు అరబీ నేర్పింది ఆయనే. ఆయనకి అమ్ర్ దియాబ్ అంటే పడేది కాదు. రాత్రి మెట్ల మీద చాయ్ పెట్టుకుని ఉమ్ కుల్సూమ్ క్యాసెట్ వేసి, "విను, ఆమె ఇంకా మొదటి పంక్తిలోనే ఉంది. మీ కుర్రాడైతే ఈపాటికి పాట ముగించి ఇంటికెళ్లి అన్నం తినేవాడు" అనేవాడు. నేను కోప్పడలేదు. ఆయన కళ్లు మూసుకుని వినే తీరు చూస్తే ఆ పాట గొప్పదని నాకు తెలిసేది.

సెలవుకి ఊరొచ్చినప్పుడు ఒక పని చేశాను. మా భజన మందిరంలో నేను హార్మోనియం వాయిస్తానని మీకు తెలుసు కదా. హారిస్ ఇచ్చిన ఉమ్ కుల్సూమ్ పాట ఒకటి పెట్టి, ఆ స్వరాలు మెట్ల మీద వెతికాను. ఒక స్వరం దగ్గర ఆగిపోయాను. తెల్ల మెట్టు నొక్కితే ఎక్కువవుతోంది, పక్కన నల్ల మెట్టు నొక్కితే తక్కువవుతోంది. ఆమె రెండింటి మధ్య నిలబడి హాయిగా పాడుతోంది. అరగంట కుస్తీ పట్టాక అర్థమైంది, నా పెట్టెలో ఆ స్వరం లేనే లేదని. అరబ్ సంగీతంలో అలాంటి మధ్య స్వరాలుంటాయి. వాళ్ల ఊద్ వాయిద్యానికి గిటారులా మెట్లుండవు, వేలు ఎక్కడైనా ఆగుతుంది. తర్వాత 'నూర్ ఎల్ ఐన్' పెట్టాను. పది నిమిషాల్లో వేళ్లకి వచ్చేసింది. మా తబలా అబ్బాయి ఇదేం పాట మామా అని వెంటనే దరువు అందుకున్నాడు.

ఆ మందిరంలో కూర్చునే నాకు తెలిసింది ఈ కొత్త పాటల గుట్టు. గిటారూ సింథసైజరూ అకార్డియనూ పలికించగల రాగాలనే ఏరుకున్నారు. అలా ఏరుకోవడంలో పోయిందీ ఉంది, హారిస్ బాధ అదే. కానీ వచ్చిందీ ఉంది. అరబీ ముక్క రాని రాజంపేట డ్రైవరూ, తబలా అబ్బాయీ ఆ పాటలోకి దూరడానికి దారి దొరికింది.

'నూర్ ఎల్ ఐన్' వెనక ఎవరెవరున్నారో చూడండి. రాసింది అహ్మద్ షెతా. బాణీ కట్టింది నాసెర్ ఎల్ మిజ్దావీ, లిబియా వాడు. వాయిద్యాలు కూర్చింది హమీద్ ఎల్ షాయెరీ. ఆయనా లిబియా నుంచి కైరో వచ్చి స్థిరపడ్డవాడే. 1980లలో 'జీల్' పాటలని ఒక కొత్త వరస పుట్టింది. జీల్ అంటే తరం. కుర్ర తరం పాటలని. ఎలక్ట్రానిక్ వాయిద్యాలు, చప్పట్లు, వెనక బృందగానం, వాటిని ఆ తీరులో తీర్చింది ప్రధానంగా హమీదే. ఇక గిటారు పోకడ స్పెయిన్‌ది. మధ్యలో వచ్చే అకార్డియన్ వింటుంటే మధ్యధరా ఒడ్డున ఏ ఊళ్లో ఉన్నామో చెప్పలేం. గొంతు ఈజిప్టుది, మాట కైరో వీధి మాట. ఇంతమందిని వెతికి పట్టుకుని ఒక్క చోట కూర్చోబెట్టడం అమ్ర్ దియాబ్ తెలివి.

ఆయన గొంతు ఉమ్ కుల్సూమ్ గొంతు కాదు. ఆ మాట నేను మొహమాటం లేకుండా ఒప్పుకుంటాను. కానీ అంత మంచి చెవి ఉన్న పాటగాణ్ణి నేను చూడలేదు. 1988లో 'మయ్యాల్' ఆయన పేరు నిలబెట్టింది. అదే తీరులో ఇంకో పదేళ్లు లాగించవచ్చు. లాగలేదు. 1999లో 'అమరైన్' ఆల్బమ్. రెండు చందమామలని అర్థం. అందులో రాయ్ అనే అల్జీరియా జనం పాటలు పాడే గాయకుడు ఖాలెద్‌తో ఒక పాట, గ్రీకు గాయని ఏంజెలా దిమిత్రియుతో ఒక పాట. ఆ వెంటనే 2000లో 'తమల్లీ మాక్', అంటే ఎప్పుడూ నీతోనే. దీనికి వాయిద్యాలు కూర్చింది తారెక్ మద్కూర్. ముందటి హోరంతా తగ్గించి ఒక్క గిటారు మీద పాటను నడిపించారు. పక్కన కూర్చుని మెల్లగా మాట్లాడుతున్నట్టు ఉంటుంది. ఆ పాట వచ్చేనాటికి నాకు పెళ్లయి ఏడాది, మా ఆవిడ ఇక్కడ, నేను అక్కడ. ఎప్పుడూ నీతోనే అంటూ పాడే పాటను కువైట్ నగరంలోని మాలియాలో ఫోన్ బూత్ ముందు వరసలో నిలబడి విన్నవాడికి దాని సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

ఆ బాణీ మీలో చాలామందికి తెలుసు, తెలుసని మీకు తెలియదు అంతే. 2004లో వచ్చిన 'మర్డర్' అనే హిందీ సినిమాలో వాడుకున్నారు, మధ్యలో అరబీ మాటలు కూడా ఉన్నాయి. మా అక్క కొడుకు నా దగ్గర అసలు పాట విని, "అరబ్బులు మన హిందీ పాటను కొట్టేశారు మామా" అన్నాడు. నాకు ప్రాణం ఉసూరుమంది. ఎవరి బాణీ ఎవరిదో పేరు పెట్టి చెప్పాలి. బాణీ కట్టిన వాడి పేరు షెరీఫ్ తాజ్. గుర్తుపెట్టుకోండి.

బహుమతుల మాట క్లుప్తంగా చెప్పేస్తాను. 'నూర్ ఎల్ ఐన్', 'అక్తర్ వాహెద్', 'ఎల్ లీలా దీ' ఆల్బమ్‌లకు వరల్డ్ మ్యూజిక్ అవార్డులు వచ్చాయి. మధ్యప్రాచ్యంలో అత్యధికంగా అమ్ముడైన గాయకుడని. సినిమాల్లోనూ వేశాడు, 1992లో ఖైరీ బెషారా తీసిన సినిమాలో పాటగాడు కావాలని తపించే కుర్రాడి వేషం. మరుసటి ఏడాది పేరున్న నటుడు ఒమర్ షరీఫ్ పక్కన వేశాడు. కానీ ఆయన మనసు పాట మీదే.

ఒక్క సంగతి దాచకూడదు. 2011 జనవరి 25 నుంచి పద్దెనిమిది రోజులు కైరో తహ్రీర్ మైదానం ప్రభుత్వం మీద తిరగబడ్డ జనంతో నిండిపోయింది. అంతమంది ప్రేమించిన గాయకుడు ఆ రోజుల్లో నోరు విప్పలేదని కుర్రకారు బాగా కోప్పడ్డారు. తర్వాత చనిపోయిన వాళ్లను తలుచుకుంటూ ఒక పాట తెచ్చాడు, అయినా కొందరి మనసు కరగలేదు. అప్పటికి నేను ఊరికి వచ్చేశాను. టీవీలో ఆ మైదానం చూస్తుంటే నాకూ కష్టమనిపించింది. మనకు కష్టం వచ్చినప్పుడు ఆయన పాట మన పక్కన ఉంది కదా, వాళ్లకు కష్టం వచ్చినప్పుడు ఆయనా పక్కన ఉంటే బాగుండేదని. అభిమానం ఉన్నచోటే ఇలా అడగబుద్ధవుతుంది.

క్యాసెట్ పోయింది, సీడీ వచ్చి పోయింది, ఇప్పుడంతా ఫోనులోనే. క్యాసెట్‌తో పైకొచ్చిన ఎంతోమంది దానితోనే పోయారు. ఈయన ప్రతిసారీ కొత్త కుర్ర స్వరకర్తల్ని, కొత్త శబ్దాల్ని వెతుక్కుని నిలబడ్డాడు. 2025లో వచ్చిన ఆల్బమ్‌లో కూతురు జానా, కొడుకు అబ్దల్లా కూడా ఆయనతో కలిసి పాడారు. అప్పటికి ఆయనకి అరవై మూడేళ్లు. ఆల్బమ్ పేరు 'ఇబ్తదైనా'. మొదలుపెట్టాం, అని అర్థం.

మన హైదరాబాద్ బార్కస్‌లో యెమెన్ నుంచి వచ్చి స్థిరపడ్డ అరబ్బు కుటుంబాలున్నాయి. ఎప్పుడైనా అటు పోతే అక్కడి కొట్లలో అరబీ పాటలు విని రండి. నాకు అక్కడికి పోయినప్పుడల్లా సాల్మియా సముద్రపు గాలి తగిలినట్టుంటుంది.

చివరగా, హారిస్ సంగతి. నేను 2009లో తిరిగి వచ్చేసే ముందు రోజు రాత్రి సెలవు తీసుకోవడానికి పోతే, మెట్ల మీద తన ఉమ్ కుల్సూమ్ క్యాసెట్ ఒకటి నా చేతిలో పెట్టాడు. బదులుగా ఏమివ్వాలో తోచక నా దగ్గరున్న 'నూర్ ఎల్ ఐన్' ఇచ్చాను. తిప్పి చూశాడు. "మా మనవరాలికి ఇస్తాను" అన్నాడు. మళ్లీ తనే, "ఇచ్చే ముందు ఒకసారి వింటాలే" అన్నాడు.

ఆయన ఇచ్చిన క్యాసెట్ ఇదిగో, ఈ సంచిలో ఉంది. టేపు కూడా తెచ్చాను. మా అబ్బాయి ఫోనులో 'నూర్ ఎల్ ఐన్' ఉంది. ముందు పెద్దావిడ పాట పది నిమిషాలు విందాం, తర్వాత కుర్రాడిది మొత్తం. నాయనా, ఆ ఫ్యాన్ ఒక్కటి ఆపు, చప్పుడవుతోంది.