వైజాగ్‌లో కొత్త ఇల్లు: ఉప్పుగాలికి ఆగేవి, చుట్టాలకి పెట్టేవి

నమస్తే అండీ. ఈమధ్యే ఫ్లాట్ కొనుక్కుని ఇంట్లో దిగినవాళ్ల కోసం ఈ వీడియో. రిజిస్ట్రేషన్, ఇంటీరియర్ అడ్వాన్సు, ఈఎంఐ పోగా చేతిలో మిగిలేది ఎంతో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ మిగిలినదాంతోనే ఇల్లు కళగా కనపడాలి. "ఇల్లు చూద్దామని వచ్చాం" అంటూ వచ్చేవాళ్లకి ప్లేటులో ఏదో ఒకటి పెట్టాలి. ఇప్పుడు చూపించేవన్నీ మేం డబ్బులు పెట్టి కొన్నవే, ఎవరూ పంపినవి కావు.

యూట్యూబ్‌లో మనం చూసే డెకరేషన్ వీడియోలు ఎక్కువగా హైదరాబాద్, బెంగళూరు ఇళ్లలో తీసినవి. అక్కడి గాలి వేరు, మన గాలి వేరు. ఎంవీపీ కాలనీ, ఎండాడ, రుషికొండ వైపు ఇల్లయితే ఒకసారి బాల్కనీ గ్రిల్ మీద వేలితో రాసి చూడండి, జిడ్డుగా తగులుతుంది. అది సముద్రం మీంచి వచ్చిన ఉప్పు. అందుకని నా మార్కులు అందానికి కాదు, ఆ ఉప్పుకి ఎన్నాళ్లు ఆగుతుందన్నదానికి.

మొదట కర్టెన్ రాడ్లు. వీటి గురించి కాస్త ఎక్కువే మాట్లాడతాను, ఎందుకంటే జనం ఎక్కువ మోసపోయేది ఇక్కడే. ఇదిగో, ఈ రాడ్‌కి చివర గుండు దగ్గర గోధుమ రంగు మరకలు కనపడుతున్నాయా? షాపులో దీన్ని స్టెయిన్‌లెస్ స్టీలనే ఇచ్చారు. అయస్కాంతం పెట్టి, "చూడండి మేడమ్, అతుక్కోవట్లేదు, ఒరిజినల్" అని కూడా చూపించారు. ఆ పరీక్ష ఈ విషయంలో పనికిరాదండీ. చవకరకం 202 గ్రేడు కూడా మామూలుగా అయస్కాంతానికి అతుక్కోదు. అందులో నికెల్ తక్కువ, మాంగనీస్ ఎక్కువ, ఉప్పుగాలి తగిలితే మచ్చలు పడుతుంది. మీరు అడగాల్సింది 304. సముద్రానికి మరీ ఎదురుగా ఉండే బాల్కనీకైతే 316. అందులో మాలిబ్డినమ్ కలుపుతారు కాబట్టి ఉప్పుకి ఇంకా బాగా ఆగుతుంది, ధర కూడా అలాగే ఉంటుంది. గ్రేడు నంబరు బిల్లు మీద రాసివ్వమనండి. రాయడానికి నసిగితే బయటికి వచ్చేయండి. ఇంత గొడవ మాకెందుకు అనుకుంటే పౌడర్ కోటింగ్ వేసిన అల్యూమినియం రాడ్ తీసుకోండి, బెడ్‌రూమ్‌కి మేం వేసింది అదే. బ్రాకెట్లు బిగించే స్క్రూలు మాత్రం మర్చిపోకండి. రాడ్ మంచిదే ఉంటుంది, స్క్రూ తుప్పు పట్టి గోడ మీద చారలు కారుతుంది.

కర్టెన్ గుడ్డ కాటన్ అయితేనే మేలు. వైజాగ్‌లో సముద్రం తూర్పున కాబట్టి సముద్రం వైపు కిటికీల్లోంచి పొద్దున్నే ఎండ నేరుగా కొడుతుంది. ముదురు నీలం, మెరూన్ త్వరగా వెలిసిపోతాయి. లేత గోధుమ, ఆవాల పసుపు లాంటివి వెలిసినా తెలియదు. తెల్లవి మాత్రం వన్ టౌన్, పోర్టు చుట్టుపక్కల వాళ్లు కొనకండి. అక్కడి నల్లదుమ్ము సంగతి నేను చెప్పాలా!

ఇనప షూ ర్యాకు, ఇనప పూలకుండీల స్టాండు: వద్దు. అంతే.

వాల్‌పేపర్, గోడ స్టిక్కర్లు: ఇప్పుడే వద్దు. కొత్త గోడలో ప్లాస్టరింగ్ నాటి తేమ ఇంకా ఉంటుంది. దానికితోడు మనకి నైరుతి వానలు అయిపోగానే అక్టోబరు, నవంబరుల్లో తుపాన్ల వానలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఎలా కొట్టిందో ఇక్కడివాళ్లెవరూ మర్చిపోరు. వాన ఏటవాలుగా గోడకి కొడితే నీరు ఎక్కడ దిగుతుందో అప్పుడే బయటపడుతుంది. ఒక వానాకాలం గడవనివ్వండి. చెమ్మ వచ్చిన చోట బిల్డర్‌ని పిలిచి బాగు చేయించుకున్నాక మీకు నచ్చినవి అంటించుకోండి. చెమ్మ మీద స్టిక్కర్ వేస్తే లోపల బూజు పడుతుంది, పైకి మాత్రం పువ్వులే కనపడతాయి.

మరి అంతదాకా గోడ బోసిగా ఉండాలా అంటే, లైటు మార్చండి. బిల్డర్లు చాలామంది 6500 కెల్విన్ తెల్ల లైట్లు పెట్టేస్తారు, హాలు మందుల షాపులా ఉంటుంది. హాల్లో ఒక మూల 3000 కెల్విన్ బల్బు, వార్మ్ వైట్ అని డబ్బా మీద రాసి ఉంటుంది, పెట్టి చూడండి. అదే గోడ, అదే సోఫా, సాయంత్రం వేళ వేరే ఇల్లనిపిస్తుంది. ఈ వీడియోలో నేను పదికి పది ఇచ్చేది దీనికే. వంటింట్లో, పిల్లలు చదువుకునే టేబుల్ దగ్గర తెల్లదే ఉంచండి.

ఇక నాకు ఇష్టమైనవి, ఏటికొప్పాక లక్క బొమ్మలు. ఈ కుంకుమ భరిణె, ఈ గూట్లో పెట్టిన ఎడ్లబండి, రెండూ అక్కడివే. ఊరు ఎంతో దూరం కాదు, అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉంది. అంకుడు కర్రని లేత్ మీద తిప్పుతూ రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తారు. ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పడుతుంది. 2017లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆకులు, గింజలు, బెరళ్ల నుంచి తీసే సహజ రంగుల్ని మళ్లీ వాడుకలోకి తేవడంలో పేరున్న సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఇనుముంటే కదా తుప్పు! అందుకే మన గాలికి ఇవి బెంగపడవు. కానీ వేడికి పడవు. స్టవ్ పక్కన, ఎండ పడే కిటికీ గట్టు మీద పెట్టకండి, వేడినీళ్లతో కడగకండి. పొడిగుడ్డతో తుడిస్తే చాలు. ఖరీదు ప్లాస్టిక్ షోపీసు కంటే ఎక్కువే, కాదనను. పది కొనే చోట రెండు కొనండి.

మొక్కలు రెండు ముక్కల్లో చెప్తాను. లోపలికి మనీ ప్లాంట్, సముద్రం వైపు బాల్కనీకి కాగితప్పూల మొక్క. మిగతా వాటికి ఆకుల అంచులు మాడుతుంటే మంచినీళ్లతో ఆకులు కడుగుతూ ఉండండి, ఉప్పు పోతుంది.

సరే, చుట్టాలు బెల్ కొట్టారు. లోపల ఏముంది? డబ్బాలో జంతికలు ఉన్నాయి గానీ మెత్తబడిపోయాయి, ఇక్కడ అందరిళ్లలోనూ జరిగేదే. అందుకని నేను డబ్బాలో దాచేవాటి కంటే అప్పటికప్పుడు కలిపేవే నమ్ముకుంటాను. ముఖ్యంగా ముంత మసాలా. బీచ్ రోడ్డులో తినేదే, ఇంట్లో పది నిమిషాల పని. నాలుగు కప్పుల మురీలు, అంటే మరమరాలు, మూకుట్లో సన్నసెగ మీద వేయించండి, నూనె వద్దు. వేళ్ల మధ్య నలిపితే కరకరమని పొడవ్వాలి. ఈ పని మాత్రం మానకండి, మన తేమకి మురీలు ప్యాకెట్ విప్పిన రోజే మెత్తబడతాయి. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర సన్నగా తరగండి. టమాటాలో గింజలూ రసం తీసేసి కండ మాత్రమే వేయండి. ఉప్పు, కారం, వేయించిన వేరుశనగ గుళ్లు, నిమ్మరసం, కొద్దిగా కారప్పూస. ఇవన్నీ కలిపి పక్కన పెట్టుకోండి. మురీలు ఆఖర్న, వాళ్లు సోఫాలో కూర్చున్నాక కలపాలి. "ముందే కలిపేస్తే పనైపోతుంది కదా" అంటారు మా అత్తగారు. కలిపితే అది ఉప్మా అవుతుంది అత్తయ్యా అని నేను.

తీపికి సున్నుండలు. పాకం అక్కర్లేదు, అందుకే మొదటిసారి చేసేవాళ్లకి ఇదే చెప్తాను. రెండు కప్పుల మినప్పప్పు ఎర్రగా వేయించి, చల్లారాక పొడి కొట్టి, కప్పున్నర బెల్లం తురుము కలిపి మళ్లీ ఒక తిప్పు తిప్పండి. కరిగిన నెయ్యి కొంచెం కొంచెంగా పోస్తూ ఉండ కట్టండి. బెల్లం అనకాపల్లిదే, కాస్త నల్లగా ఉన్నది చూసి తీసుకోండి. మరీ తెల్లగా మెరుస్తుంటే రంగు కోసం హైడ్రోస్ అనే తెల్లబరిచే రసాయనం కలిపి ఉండొచ్చు. కొబ్బరి లౌజు కూడా తేలికే గానీ బయట పెడితే రెండో రోజుకే వాసన వస్తుంది, చేసిన పూటే పెట్టేయాలి. అదీ ఓపిక లేదా, మాడుగుల హల్వా కొనుక్కోండి. గోధుమపాలు, నెయ్యి, జీడిపప్పుతో చేసేదాన్ని చిన్న ముక్క పెట్టినా మర్యాద తక్కువవదు.

తాగడానికి అరకు కాఫీ. ప్యాకెట్ వెనక చికోరీ, అంటే కాఫీలో కలిపే ఒక వేరు పొడి, ఎంత శాతమో చదివి కొనండి. కలిపితే ఎంత కలిపారో రాయాలని రూలు, 49 శాతం దాకా కలపనిస్తారు. చికోరీ లేని పొడితో డికాక్షన్ పల్చగా దిగుతుంది, పొడి పాడైందనుకోకండి. పాలు తగ్గించి పోస్తే రుచి తెలుస్తుంది.

కామెంట్లో మీ ఏరియా పేరు, బాల్కనీ ఏ దిక్కుకి ఉందో రాయండి. గాజువాక ఇంటికీ రుషికొండ ఇంటికీ ఒకే రాడ్ చెప్పలేను కదా. వచ్చే వీడియో వంటింటి బాస్కెట్ల మీద, వాటి గ్రేడు నంబర్లు ఇప్పటికే రాసుకున్నాను.